ఓడ చాక్లెట్

నాకు ముక్కు మీద కోపం, నాలుక మీద వెటకారం అని మా వాళ్లంతా అంటారు. రెండూ నిజమే. అందుకే మా మేనకోడలు ఫోన్ చేసి, ఆదివారం రా అత్తా, ఉప్పూ కారం వేసిన చాక్లెట్లు తిని చూడాలి అన్నప్పుడు, అన్నం వండి ఉంచుతావా లేక నన్నే తెచ్చుకోమంటావా అని అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. ఈ ఒక్కసారికీ వెటకారం వద్దంది. సరేనని మాటిచ్చాను గానీ నిలబెట్టుకోలేదు.

మేనకోడలంటే మా తమ్ముడి కూతురు. సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లి హోటల్ చదువు చదివి, అక్కడే చాక్లెట్ తయారీ నేర్చుకుని, ఉద్యోగం అక్కడే చూసుకోమని అందరూ చెబుతుంటే వినకుండా పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చేసింది. బతు బస్తీలో మా నాన్న నడిపిన కిరాణా కొట్టు, మోకాళ్ల నొప్పులతో ఆయన మూసేసిన దగ్గర్నుంచి తాళం వేసే ఉంది. ఆ కొట్టుగది అడిగి తీసుకుంది. ఏసీ పెట్టించింది. ఇంట్లో దోసెలపిండి రుబ్బే గ్రైండర్‌కి పెద్దన్నలాంటి యంత్రం ఒకటి తెప్పించింది. గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో నీడన పండే కోకో గింజలు వైజాగ్ నుంచి ఓడ మీద వస్తాయి. వాటిని వేయించి, పొట్టు ఊది, రాత్రింబగళ్లు రుబ్బుతుంది. ఆ వీధిలో ఇప్పుడు ఎవరింటి ముందు నిలబడినా కమ్మగా, కాస్త పుల్లగా వాసన వస్తుంది.

నాన్న గది ఇచ్చేటప్పుడు అద్దె మాట ఎత్తలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. ఈ కొట్లోంచి పాడైన సరుకు బయటికి పోకూడదు. మనవరాలు నవ్వి, పోదు తాతా అని చేతిలో చెయ్యి వేసింది. అదేదో పెద్దాయన చాదస్తం అనుకున్నాం అందరం.

ఇప్పుడు హేవ్‌లాక్ దీవిలో ఒక రిసార్టు వాళ్లు, ఈ దీవుల రుచి ఉన్న చాక్లెట్ ఏదైనా చేసి చూపించమన్నారట. అది నచ్చితే పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. నచ్చకపోతే కొట్టుకి మళ్లీ తాళం వేసి, చెన్నైలో ఉద్యోగానికి వెళ్లిపోతానని వాళ్ల నాన్నకి మాటిచ్చింది. అందుకే ముందు ఇంట్లోవాళ్లు తిని చూడాలని పిలిచింది.

హాడోలోని మా క్వార్టర్స్ నుంచి ఆటోలో నేను వెళ్లేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. నాన్న పప్పులు తూచిన చెక్కబల్ల అక్కడే ఉంది. దాని వెనక తన పాత కుర్చీలోనే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బేరానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. తమ్ముడూ మరదలూ స్టూళ్ల మీద. బల్ల మీద పళ్లేల్లో చిన్న చిన్న చాక్లెట్ ముక్కలు, ఒక గిన్నెలో మరమరాలు, ఒక జగ్గులో గోరువెచ్చని నీళ్లు. ఈ మరమరాలెందుకని అడిగితే, ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికట. మా కాలంలో చాక్లెట్ తిన్నాక నోరు శుభ్రం చేసుకోమని కొట్టినా చేసుకునేవాళ్లం కాదు. ఆ రుచి పోతుందని నీళ్లు కూడా తాగేవాళ్లం కాదు.

తినడానికి పద్ధతి ఉందంది. ముందు చెవి దగ్గర పెట్టుకుని విరవాలి, టక్కుమనాలి. తర్వాత వాసన చూడాలి. ఆ తర్వాత నాలుక మీద పెట్టుకుని, నమలకుండా ఊరుకోవాలి. అది చెప్పడం పూర్తయ్యేలోపే తమ్ముడు మొదటి ముక్కని కరకరా నమిలి మింగేసి, బాగుంది, ఇదేంటి అని అడిగాడు.

ముందు వేరేవాళ్లు చేసిన ఖరీదైన చాక్లెట్లు పెట్టింది. తన స్నేహితులు ఎక్కడెక్కడి నుంచో పంపినవి. మొదటిది మిరియాలూ ఉప్పూ వేసింది. చారు తాగిన గ్లాసు కడక్కుండా అందులోనే కాఫీ పోసినట్టుందన్నాను. మేనకోడలు నా వైపు ఒక చూపు చూసింది. రెండోది కరివేపాకు. నాన్న కళ్లు మూసుకుని ఓపిగ్గా చప్పరించి, పోపు పడిపోయింది, ఇక పప్పు ఒక్కటే తక్కువన్నాడు. ఆవపొడి వేసినదానికి మరదలి ముక్కు అదిరింది. ఎండబెట్టిన టమాటా వేసింది ఒకటి, అది ఎవరికీ ఎక్కలేదు. పుట్టగొడుగుల పొడి వేసింది ఇంకొకటి, వానాకాలంలో తడిసిన గోడ వాసన వచ్చింది. ఏదో దేశంలో బూజు పట్టించిన జున్ను, అదే చీజ్, వేసింది ఒకటుంది. దాన్ని తమ్ముడు నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. నాన్న మాత్రం మర్యాదస్తుడు గనక మింగి, ఆ దేశంలో ఆకలెక్కువేమో తల్లీ అన్నాడు.

పొగ పట్టించిన ఉప్పు వేసింది మాత్రం నాకు నచ్చింది. కట్టెల పొయ్యి మీద కాస్త అడుగంటిన పరమాన్నాన్ని గరిటెతో గీకి తిన్నట్టుంది. ఆ మాట పైకి అంటే నా వెటకారానికి విలువ తగ్గుతుందని ఊరుకున్నాను. ఇంకో ముక్క మాత్రం తీసుకున్నాను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

చివరికి మేనకోడలు లోపల్నుంచి ఇంకో పళ్లెం తెచ్చింది. ఇది తాను చేసిందట. అందులో ఏముందో చెప్పదట. పళ్లేన్ని బల్ల మీద అటూ ఇటూ రెండుసార్లు సర్దడం చూసి, నేను నోరు మూసుకుని ముక్క తీసుకున్నాను. అందరం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాం.

ముందు చేదు. తర్వాత తీపి. ఆ తీపి వెనక సన్నగా పులుపు, చింతపండు పులుపు. మామూలేగా అనుకుంటుండగా గొంతులో చిన్న మంట మొదలై, చెవుల దాకా పాకింది. ఎండుమిరప. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కారానికి కాదు. నాకు అప్పుడు యాభై దాటిన వయసు లేదు, పోర్టు ఆఫీసులో ఉద్యోగం లేదు. ఇదే కొట్టు మెట్ల మీద, కాళ్లు ఊపుకుంటూ, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను.

మా చిన్నప్పుడు ఈ దీవులకి ఏదొచ్చినా ఓడ మీదే రావాలి. హాడో రేవు వైపు నుంచి హారన్ వినపడితే చాలు, ఉల్లిపాయలు వచ్చాయా, పుస్తకాలు వచ్చాయా అని ఊరంతా అదే ధ్యాస. నాన్నకి మద్రాసులో సరుకు వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మంచివాడే. చాక్లెట్ డబ్బాలు నలిగిపోకూడదని మెత్తగా ఉండే మిరపకాయ బస్తాల మధ్యలో దోపి పంపేవాడు. ఓడ అడుగున ఉక్కకి చాక్లెట్లు కరిగేవి. కరిగి, కాగితాల్లోంచి కారి, మిరప దుమ్ములో పొర్లి, మళ్లీ గడ్డకట్టేవి. ఒకటి అరటిపండులా వంగి ఉండేది, ఒకటి అప్పడంలా పరుచుకుని ఉండేది. పైన బూడిద చల్లినట్టు తెల్లగా ఉండేది. నాన్న వాటిని తుడిచి, రేకు డబ్బాలో పెట్టి, కొట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట దాచేవాడు. ఆ చోటు బల్ల కింద నీళ్ల తొట్టి. చింతపండు జాడీ ఉండేదీ అందులోనే. కారం ఓడలో ఎక్కేది, పులుపు మా కొట్లో ఎక్కేది.

మేం వాటిని ఓడ చాక్లెట్లనేవాళ్లం. నాలుక మీద పెట్టుకుని, మంట మొదలయ్యేదాకా కదలకుండా కూర్చోవడం మా పందెం. ముందు ఎవరు ఉస్సంటే వాళ్లు ఓడిపోయినట్టు. నేను ఓడిపోయేదాన్ని కాదు. చాక్లెట్ అంటేనే కారంగా ఉంటుందని, మిఠాయికీ దానికీ తేడా అదేనని మా వీధి పిల్లలందరికీ గట్టి నమ్మకం.

ఒక ఎండాకాలం మావయ్య నన్ను ఓడ మీద వైజాగ్ తీసుకెళ్లాడు. అక్కడ పెద్దమ్మ ముచ్చటపడి నాకొక చాక్లెట్ కొనిచ్చింది. నున్నగా, పలకలా, ఒక్క వంకర లేకుండా ఉంది. నోట్లో పెట్టుకుని చాలాసేపు చూశాను. మంట రాలేదు. ఉమ్మేసి, పెద్దమ్మా, కొట్టువాడు నిన్ను మోసం చేశాడు, ఇది పాడైపోయింది, కారం లేదు అన్నాను. ఆవిడ నవ్వుకీ నా కోపానికీ ఎక్కడా పొంతన లేదు. ఊరెళ్లాక నాన్నకి చెప్పాలి, ఆ కొట్టువాడి పని పట్టాలి అని తిరుగు ప్రయాణం అంతా అదే అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి కొట్లో నీళ్ల తొట్టి ఖాళీగా ఉంది. చాక్లెట్ డబ్బా లేదు. నాన్నని అడగబోతే అమ్మ నా నోరు మూసి వంటింట్లోకి లాక్కుపోయింది. జరిగింది పక్కింటివాళ్లు చెప్పారు. హాడోలో ఎవరో పెద్ద ఆఫీసరు ఇంట్లో పిల్లాడి పుట్టినరోజని డబ్బాలకి డబ్బాలు కొనుక్కెళ్లారట. వచ్చిన పిల్లలంతా మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. నోరు మండి ఏడుపులు. మర్నాడు ఆ ఆఫీసరుగారి భార్య జీపులో వచ్చి, కొట్టు నిండా జనం ఉండగా ఆ డబ్బాలు బల్ల మీద పడేసి, "యే చాక్లెట్ హై యా మిర్చీ? బచ్చోంకో సడా హువా మాల్ ఖిలాతే హో?" అని అడిగిందట. ఇది చాక్లెట్టా మిరపకాయా, పిల్లలకి కుళ్లిన సరుకు పెడతావా అని. నాన్న డబ్బాలు లోపల పెట్టేసి, ఆ రోజు పొద్దుండగానే కొట్టు కట్టేశాడట. తర్వాత ఎన్నేళ్లు నడిపినా ఆ కొట్లో చాక్లెట్ అన్నది మళ్లీ పెట్టలేదు. మేమూ ఆయన ముందు ఆ మాట ఎత్తలేదు. నా వైజాగ్ కథ నా కడుపులోనే ఉండిపోయింది.

ఆ వెనక్కొచ్చిన చాక్లెట్లు అమ్మ తినేసింది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక పెరటి మెట్టు మీద కూర్చుని ఒకటి తినేది. వృథాగా పోతాయని తింటోంది అనుకున్నాను. అమ్మ దేన్నీ పారేసే మనిషి కాదు మరి. తన విస్తట్లో చేపముక్కైనా మాకు పెట్టేసి, నాకు ముల్లు తీసుకోవడం రాదులే అనే మనిషి. అలాంటిది, ఆఖరి చాక్లెట్ ఒకటి మిగిలిందని తెలిసి వెళ్లి అడిగితే నాకు ఇవ్వలేదు. చెయ్యి వెనక్కి దాచుకుంది. "పో, ఇది నాది" అంది. నాకు ఎంత కోపమొచ్చిందంటే రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. అమ్మ పోయి ఇన్నేళ్లయినా, ఆ చాక్లెట్ తలుచుకుంటే చిన్న కోపం ఒకటి ఇంకా ఉంది నాకు.

ఇవన్నీ గుర్తొచ్చి కళ్లు మూసుకున్నదాన్ని, తెరిచేసరికి నాన్న తన నోట్లోంచి ముక్క తీసి కాగితంలో చుడుతున్నాడు. జాగ్రత్తగా, నాలుగు మూలలా మడిచి బల్ల మీద పెట్టాడు. దగ్గొచ్చింది. అది ఆగాక మనవరాలి వైపు చూడకుండా అన్నాడు.

"ఇది పాడైపోయిన సరుకమ్మా. ఈ కొట్లోంచి ఇది బయటికి ఎల్లకూడదు."

కర్ర తీసుకుని లేచి, బయట మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. మేనకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. తమ్ముడు వెంటనే, ఆ కరివేపాకుది చెయ్యి, అది బాగుంది, ఎందుకీ గొడవ అన్నాడు. ఆ పిల్ల తలూపలేదు. మిగతావన్నీ ఎవరో ఒకరు చేసినవే, ఇదొక్కటే నాది, తాత వద్దంటే ఇది పంపను, ఇది పంపకపోతే ఇంకేదీ పంపను అంది. గదికి తాళం వేసేస్తానంది. మొండితనంలో నా పోలికే.

మరి ఈ చింతపండూ మిరపా ఆలోచన ఎక్కడిదే నీకు అని అడిగాను. నన్ను వింతగా చూసింది. "నువ్వే కదా అత్తా చెప్పావు. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చుతూ ఎన్నిసార్లు చెప్పావు, ఓడ చాక్లెట్, ఓడ చాక్లెట్ అని."

అవును, చెప్పాను. వంకర చాక్లెట్లూ, ఉస్సనే పందేలూ అన్నీ చెప్పాను. జీపూ, ఆ ఆఫీసరుగారి భార్యా ఆ కథలో లేరు. పిల్లలకి చెప్పే కథలో వాళ్లెందుకని వదిలేశాను. దాంతో ఆ పిల్ల తాతకి బహుమానం అనుకుని చేసింది, సరిగ్గా ఆయన పుండు మీద కారం చల్లినట్టయింది.

తమ్ముడు నాన్నకి చల్లటి నీళ్లు తెస్తానని కొట్టు వెనక ఇంట్లోకి వెళ్లాడు. వాడి వెనకే మరదలూ వెళ్లింది. నాన్న కాగితంలో చుట్టిన ముక్కని చేత్తో పట్టుకుని, నేను మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. మేనకోడలు గుమ్మంలో నిలబడింది. వీధి మలుపులో ఆటోలు వెళ్తున్నాయి. నాన్న తనే మొదలుపెట్టాడు. ఆ రోజు ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదట. సరుకులో మిరప దుమ్ము కలిసిందని తనకి తెలుసట. తెలిసీ చెప్పకుండా అమ్మానన్నాడు. ఆఫీసరు పిల్లలు గనక ఆవిడ వచ్చి అడిగింది, మీరూ ఈ వీధి పిల్లలూ అడిగే దిక్కు లేక ఏళ్ల తరబడి అదే తిన్నారు కదా అన్నాడు. అదీ ఆయన ఇన్నేళ్లూ మోసింది. ఆవిడ అన్న మాట కాదు, మేం తిన్న చాక్లెట్లు.

నాకు నిజంగానే కోపమొచ్చింది. ఆయన మీద కాదు, నా మీదా కాదు. చెప్పుకుంటే నవ్వుకునే విషయం చెప్పుకోకపోతే ఇంత బరువెక్కుతుందా అని. అప్పుడు చెప్పాను వైజాగ్ కథ. పెద్దమ్మ కొనిచ్చింది ఉమ్మేయడం, కారం లేదని పోట్లాడడం, ఆ కొట్టువాడి పని పట్టడానికి నాన్నని పంపాలనుకోవడం.

"దిక్కు లేక కాదు నాన్నా. మాకు అదే ఇష్టం. అలాంటిది ఇంకెక్కడా దొరకదు. నువ్వు అమ్మడం మానేశాక నేను వేరే చాక్లెట్ ఏదీ ఇష్టంగా తినలేదు."

నాన్న నా మొహంలోకి చూశాడు. నేను వెటకారమాడుతున్నానేమో అని చూశాడని నాకు తెలుసు. ఇన్నేళ్లూ వెటకారమాడి నేను సంపాదించుకున్న చూపు అది. కాదని తేలాక మొహం తిప్పుకున్నాడు. కర్ర చివరతో మెట్టు మీద ఏదో గీశాడు.

"మరైతే మీ అమ్మ?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ ఆ వెనక్కొచ్చిన చాక్లెట్లు రోజుకొకటి తింటుంటే, తన మీద జాలిపడి తింటోందనుకున్నాడట. పారేస్తే మొగుడు ఇంకా చిన్నబోతాడని, మంట దిగమింగుకుని తింటోందనుకున్నాడట. అది చూడలేక మధ్యాహ్నాలు పెరట్లోకి రావడమే మానేశాడట. ఎప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

"ఆఖరిది నాకు ఇవ్వలేదు నాన్నా" అన్నాను. "అడిగితే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పో, ఇది నాది అంది."

నాన్నకి అమ్మ సంగతి నాకంటే బాగా తెలుసు. తన నోటి దగ్గరిదైనా తీసి పెట్టే మనిషి అని తెలుసు. నాకివ్వకుండా చెయ్యి దాచుకుందంటే దానర్థం ఏంటో ఇంకెవరూ ఆయనకి విప్పి చెప్పనక్కర్లేదు. "నీకు ఇవ్వలేదేటి?" అని మళ్లీ అడిగాడు. ఇవ్వలేదన్నాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు. నవ్వుతూ ఏడ్చాడు కూడా. నాకూ ఏడుపొచ్చింది. ఆఖరి చాక్లెట్ మీద నాకున్న ఆ చిన్న కోపం అప్పుడే పోయింది. దాని చోట అమ్మ మీద బెంగ వచ్చి కూర్చుంది.

నా చేతిలో కాగితం తీసుకుని విప్పాడు. సగం కరిగిన ముక్క నాలుక మీద పెట్టుకుని, మనవరాలు చెప్పిన పద్ధతిలోనే, నమలకుండా ఊరుకున్నాడు. మంట గొంతు దాకా వచ్చినట్టు తెలుస్తూనే ఉంది. ఉస్సనలేదు.

తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "డబ్బా మీద కారం అని రాయి తల్లీ. హిందీలో, ఇంగ్లీషులో, పెద్దగా రాయి. సెప్పి అమ్ము. నేను సెప్పలేదు, అదే నా తప్పు. సెప్పి అమ్మితే ఇది పాడైన సరుకు కాదు."

మేనకోడలు వచ్చి ఆయన పక్కన కూలబడి, అలాగే తాతా, అచ్ఛా తాతా అని తెలుగులోనూ హిందీలోనూ ఒప్పుకుంది. రిసార్టు వాళ్లు ఏమంటారో నాకు తెలీదు. ఆ పిల్లకి ఆ మధ్యాహ్నం ఆ బెంగ ఉన్నట్టు లేదు.

ముగ్గురం లోపలికి వచ్చి మళ్లీ బల్ల చుట్టూ కూర్చుని తిన్నాం. ఈసారి మరమరాలు ఎవరూ ముట్టుకోలేదు. తమ్ముడు నీళ్ల సీసాతో తిరిగొచ్చేసరికి పళ్లెంలో ఒకే ఒక్క ముక్క మిగిలింది. గొడవ సద్దుమణిగింది కదా అని సంతోషంగా దానికోసం చెయ్యి చాపాడు. నాన్న ముక్క మీద అరచెయ్యి బోర్లించాడు.

"పో, ఇది నాది."

నేనూ మేనకోడలూ ఎందుకు కళ్లు తుడుచుకుంటున్నామో వాడికి అర్థం కాలేదు. కారంగా ఉందా అని నీళ్ల సీసా మా వైపు జరిపాడు.